నాన్న తెలుగు మరచిపోయిన ఏడాది

మా నాన్న చైనావాడు. ఈ మాటను ఇంత సూటిగా రాయడం నాకిదే మొదటిసారి. నా ముఖం చూసి ఎవరైనా "మీది ఏ ఊరండీ?" అని అడిగితే "వన్ టౌన్" అని చెప్పి ఊరుకునేదాన్ని. బడిలో అలాగే చెప్పాను, ఇప్పుడు దువ్వాడలో నేను లైబ్రేరియన్‌గా పనిచేస్తున్న కాలేజీలోనూ అలాగే చెప్పాను. అది అబద్ధమేమీ కాదు. నేను పుట్టింది విశాఖపట్నం వన్ టౌన్‌లోనే, ఉంటున్నదీ అక్కడే. కానీ వాళ్ళు అడుగుతున్నది అది కాదని నాకూ తెలుసు, నేను తప్పించుకుంటున్నానని వాళ్ళకూ తెలుసు.

టోకు దుకాణాల వెనక సందులో నాన్నకు కట్టుడు పళ్ళు చేసే దుకాణం ఉండేది. దాని మీదే మా ఇల్లు. పోర్టులో పనిచేసి రిటైరైనవాళ్ళు, ఒడ్డున చేపలమ్మే ముసలమ్మలు ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. కొత్తవాళ్ళు మొదట గుమ్మంలోనే ఆగిపోయి ఆయన్ని ఎగాదిగా చూసేవాళ్ళు. ఆయన నోరు తెరిస్తే ఇక నవ్వే.

"కూకో అప్పా, నోరు తెరు. బెదిరిపోతావేటి? నానేటి నీ నాలిక కోసెత్తానా?"

"ఓలమ్మో, ఈ సైనాయనకి మన మాటే వచ్చీసింది!" అనేవాళ్ళు వాళ్ళు.

"వచ్చీడవేటి? నాకొచ్చిందదొక్కటే," అనేవాడు నాన్న.

అది పూర్తిగా నిజం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది. నాన్నకు ఇంకో భాష ఉండేది. మా నానమ్మ బతికున్నన్నాళ్ళూ వాళ్ళిద్దరూ తలుపు వేసుకుని ఆ భాషలో మాట్లాడుకునేవాళ్ళు. నేను లోపలికి వెళితే ఆపేసేవాళ్ళు. నానమ్మ పోయిన తరువాత ఆ భాష మా ఇంట్లో వినపడలేదు. నాకూ నేర్పమని ఒకసారి అడిగాను.

"నీకెందుకమ్మా? ఆ మాట నోట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు బయటికొచ్చెత్తాది. ఎవుడో ఒకడు ఇంటాడు," అన్నాడు.

ఎవడో వింటే ఏమవుతుందో నాకు అమ్మ చెప్పింది. నాన్న తన గురించి తాను ఎప్పుడూ చెప్పుకోలేదు.

నాన్న రెండేళ్ళ పిల్లవాడిగా, వాళ్ళమ్మ ఒళ్ళో కలకత్తా రేవులో దిగాడట. తాతయ్య అస్సాంలో టీ తోటల ఊళ్ళు తిరుగుతూ పళ్ళు కట్టేవాడు. నాన్నకు పద్నాలుగేళ్ళప్పుడు చైనాతో యుద్ధం వచ్చింది. ఒక మధ్యాహ్నం పోలీసులు వచ్చి, నాలుగు జతల బట్టలు సర్దుకోండి, కొద్దిరోజుల్లో తిరిగొస్తారు అన్నారు. పొయ్యి మీద అన్నం ఉందట. దాన్ని దించి, మూత పెట్టి బయలుదేరారు. రైల్లో రోజుల తరబడి ప్రయాణం చేయించి రాజస్థాన్ ఎడారిలో ఒక క్యాంపులో పెట్టారు. వాళ్ళు చేసిన నేరమేమిటో ఎవరూ చెప్పలేదు, విచారణా లేదు. కొద్దిరోజులన్నది మూడేళ్ళు దాటింది. తాతయ్య అక్కడే పోయాడు. నానమ్మనూ నాన్ననూ వదిలిపెట్టేసరికి అస్సాంలో ఇల్లు శత్రువుల ఆస్తి కింద వేలంలో అమ్ముడుపోయింది. వెళ్ళడానికి ఎక్కడా చోటు లేక, విశాఖపట్నంలో పళ్ళు కట్టుకుంటున్న దూరపు చుట్టం ఇంటికి వచ్చారు. నాన్న ఇక్కడే పని నేర్చుకున్నాడు, ఇక్కడే ఆస్పత్రిలో నర్సుగా ఉన్న మా అమ్మను చేసుకున్నాడు.

క్యాంపు నుంచి వదిలారు గానీ పూర్తిగా వదల్లేదు. ఆయన దగ్గర ఒక పర్మిట్ పుస్తకం ఉండేది. ఏడాదికోసారి పోలీసు ఆఫీసుకు వెళ్ళి ముద్ర వేయించుకోవాలి. చాలాకాలం ఊరు దాటాలన్నా రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. విజయనగరంలో అమ్మ చిన్నాన్నగారి అమ్మాయి పెళ్ళికి అనుమతి అడిగితే, పెళ్ళయిన తొమ్మిదో రోజున వచ్చింది. నాన్న ఆ కాగితం చూసుకుని, "పోనీ, ఎల్లి పెల్లికూతుర్ని సూసొద్దామేటి?" అన్నాడు. నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు.

నా చిన్నప్పుడు ఊళ్ళో మాలాంటి ఇళ్ళు ఐదారు ఉండేవి. ఒకరిది చెప్పుల దుకాణం, ఒకరిది బ్యూటీ పార్లరు, ఇంకొకరిది హోటలు. వాళ్ళ కొత్త సంవత్సరానికి మా చుట్టం ఇంటి మేడ మీద కలిసేవాళ్ళం. పిల్లలందరం తెలుగులోనే కొట్టుకునేవాళ్ళం. ఒక ఏడు భోజనాలయ్యాక మగవాళ్ళు కూర్చుని ఒక అర్జీ రాశారు. ఈ పర్మిట్లు తీసేయండి, మమ్మల్ని ఈ దేశపు మనుషులుగా రాసుకోండి, మా ఇళ్ళు మాకివ్వకపోయినా కనీసం మేము గూఢచారులం కాదని చెప్పండి అని. హోటలాయనకు ఇంగ్లీషు బాగా వచ్చు, ఆయనే టైపు చేయించాడు. నాన్న కూడా సంతకం పెట్టాడు. ఆయన అలాంటి పని చేయడం అదే మొదలు, అదే చివర.

రెండు వారాల తరువాత ఒక కానిస్టేబుల్ ప్రతి ఇంటికీ వచ్చి కూర్చున్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. టీ తాగాడు. మీలో నాయకుడెవరు, ఎక్కడ కలుస్తారు, ఎవరెవరు వస్తారు అని అడిగి రాసుకున్నాడు. తరువాతి ఏడు మేడ మీదికి ఎవరూ రాలేదు. ఆ తరువాత ఒక్కొక్క కుటుంబమే వెళ్ళిపోయింది. హోటలాయన వెళ్ళేటప్పుడు నాన్ననూ రమ్మన్నాడు. నాన్న మా అమ్మ వైపు చూపించి, "ఈవిడ్ని ఒగ్గీసి ఎక్కడికెల్తాను?" అన్నాడు. నేను డిగ్రీలో చేరేసరికి ఊళ్ళో మేమొక్కళ్ళమే మిగిలాం.

అమ్మ బతికుండగా పౌరసత్వానికి రెండుసార్లు దరఖాస్తు పెట్టింది. పర్మిట్‌లో నాన్న పేరు ఒక స్పెల్లింగులో ఉంది, పెళ్ళి రిజిస్టర్లో ఇంకొక స్పెల్లింగులో ఉంది. రెండుసార్లూ తిరిగి వచ్చింది. ఆ తరువాత అమ్మ పోయింది.

ఒకప్పుడు క్యాంపులో ఉన్నవాళ్ళు కొందరు దేశంలో అక్కడక్కడా మిగిలారు. వాళ్ళు కలిసి, ప్రభుత్వం తమకు క్షమాపణ చెప్పాలని ఒక కాగితం తయారుచేసి, ఏడెనిమిదేళ్ళ క్రితం మా ఇంటికీ పంపారు. కింద ఒక ఫోన్ నంబరు ఉంది. నాకు ఒళ్ళు పులకరించింది. నాన్న ముందు పెట్టి పెన్ను తెరిచి ఇచ్చాను.

"నానెట్టను," అన్నాడు.

"పెడితే ఏమవుతుంది నాన్నా? మన దేశంలో మనం అడుగుతున్నాం."

"నీ దేశమమ్మా. నాను ఉంటన్నానంతే."

నాకు కోపం వచ్చింది. మీలాంటి వాళ్ళ భయం వల్లే ఇదంతా ఇలా ఉందని అన్నాను. ఆయన ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి అమ్మ బైబిల్లో పెట్టాడు. రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్ని ఇప్పుడు తలుచుకుంటే నా నోటిని నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

కరోనా వచ్చింది. ఎదురు దుకాణంలో బట్టలమ్మే ఆయన, ముప్పయ్యేళ్ళ స్నేహితుడు, సరదాకే అన్నాడు, "ఏటి బావా, మీవోళ్ళు ఎంత పని సేసినారు!" నాన్న నవ్వాడు. మర్నాటి నుంచి గుమ్మంలోకి రావడం మానేశాడు. ఆ వేసవిలోనే సరిహద్దులో మన సైనికులు చనిపోయారు. ఒక పొద్దున దుకాణం తలుపు మీద, చైనా వస్తువులు కొనకండి అన్న కాగితం అంటించి ఉంది. వీధంతా అంటించారు, మా ఒక్కరికే కాదు. అయినా నాన్న స్టూలు వేసుకుని, డెబ్బయి దాటిన మనిషి, తన పేరున్న బోర్డు మేకులు తనే పీకాడు.

"ఎందుకు తీసేశారు?" అని అరిచాను.

"ఎవుడో తీసీకంటే నాను తీసుకుంటే మర్యాదగుంటాది."

ఆ రోజే నేను పౌరసత్వం పని మళ్ళీ మొదలుపెట్టాను. అమ్మ లేదు గనుక పెళ్ళి మీద అడిగే దారి పోయింది. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నవాడిగా అడగాలి. ఫారంలో పాస్‌పోర్టు నంబరు అడిగారు. ఆయనకు ఏ దేశపు పాస్‌పోర్టూ లేదు. ఆయన్ని తీసుకొచ్చిన రోజున తాతయ్య చేతిలో ఉన్న కాగితం ఇచ్చిన ప్రభుత్వమే తరువాత లేకుండా పోయింది. ఇదంతా రాసి, అఫిడవిట్లు జతచేసి, వాళ్ళడిగినవి మళ్ళీ మళ్ళీ పంపి, చివరికి మూడో ఏట ఇంటర్వ్యూకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఈ దేశపు భాషల్లో ఒకటైనా తగినంతగా వచ్చి ఉండాలనీ, దాన్ని అధికారి స్వయంగా చూస్తారనీ అందులో ఉంది.

నాన్న అంతగా నవ్వడం నేను అమ్మ పోయాక చూడలేదు. మావయ్యకు, అంటే అమ్మ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాడు. "తెలుగొచ్చా అని అడుగుతార్ట బావా! నన్నడుగుతార్ట!" అప్పటినుంచి రోజూ పొద్దున్నే పేపరు పైకి చదివేవాడు. అవసరం లేదన్నా వినలేదు. చనిపోయినవాళ్ళ ప్రకటనలు కూడా వదలకుండా చదివేవాడు.

ఇంటర్వ్యూకి మూడు వారాలుందనగా, అలా చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి పేపరు కింద పడి ఉంది, కుడి చెయ్యి వేలాడుతోంది.

ఆస్పత్రిలో నాలుగో రోజున కళ్ళు తెరిచి నాతో మాట్లాడాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. నాలుక తిరగడం లేదేమో అనుకున్నాను. కానీ అది ముద్దమాట కాదు. స్పష్టమైన మాటలు, ఒక ఎత్తూ పల్లం ఉన్న మాటలు. నానమ్మ గది తలుపు వెనక నుంచి నాకు వినపడే మాటలు. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. మెదడులో భాష ఉండేచోట దెబ్బ తగిలింది, కొందరికి తరువాత నేర్చుకున్న భాష పోయి చిన్నప్పటిది మిగులుతుంది, ఎప్పటికైనా తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మనం తెలుగులో చెప్పేదీ ఆయనకు సరిగా అందకపోవచ్చన్నాడు.

ఇంటర్వ్యూ వాయిదా అడిగాను. రెండు నెలలు ఇచ్చారు. ఆ రెండు నెలలూ నేను మా నాన్నకు తెలుగు నేర్పాను. నీళ్ళు, అన్నం, గుమ్మం, సముద్రం. గ్లాసు చూపించి "నీళ్ళు" అంటే నా పెదాల వైపు చూసేవాడు. మావయ్య పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, నేను కాలేజీకి వెళ్ళినప్పుడు ఆయన వచ్చి కూర్చునేవాడు. "బావా, నానురా. నన్ను తిట్టు బావా, పోనీ ఒక తిట్టు తిట్టు," అని బతిమాలేవాడు. నాన్న ఆయన్ని మర్యాదగా, తెలియని మనిషిని చూసినట్టు చూసేవాడు.

ఇంటర్వ్యూ రోజున చక్రాల కుర్చీలో తీసుకెళ్ళాం. వరండాలో పేర్లు పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా నాన్న నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట అడిగేవాడు. మూడు పొట్టి ముక్కల మాట, చివరిది కిందికి జారి ఆగిపోతుంది. ఆస్పత్రిలోనూ రోజూ ఆ మాటే ఎక్కువగా అనేవాడు. నేను తల ఊపేదాన్ని.

లోపల ఒక మేడమ్ ఉన్నారు. కుర్చీ కోసం తనే లేచి తలుపు పట్టుకున్నారు. "పెద్దాయనా, మీ పేరు చెప్పండి," అన్నారు. నాన్న ఆ మూడు ముక్కల మాటే అన్నాడు. "ఎక్కడుంటారు? మీ అమ్మాయి పేరేమిటి?" ఆయన నా వైపు చూశాడు, మళ్ళీ అదే అన్నాడు.

నేను ఆస్పత్రి కాగితాలు ఇచ్చాను. మావయ్య నిలబడి చేతులు జోడించాడు. "మేడమ్, యాబయ్యేళ్ళ పైబడి ఈ మనిసి నా తోటి తెలుగే మాటాడినాడు. మా ఈదిలో ఎవుల్నన్నా అడగండి. నాకంటే బాగా మాటాడీవోడు."

"నేను నమ్ముతున్నానండి," అన్నారు ఆవిడ. ఆస్పత్రి కాగితాలు ఫైల్లో పెట్టుకున్నారు. "కానీ నేను విన్నది మాత్రమే రాయాలి."

ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. రాలేదు.

ఆ సాయంత్రం అమ్మ బైబిల్లోంచి ఆ పాత కాగితం తీసి నంబరుకు ఫోన్ చేశాను. కలకత్తాలో ఒక పెద్దాయన. హిందీలో మాట్లాడుకున్నాం. నాన్న మాటలు రికార్డు చేసి పంపితే విని, "ఇది మా భాష కాదమ్మా. మాది వేరే ప్రాంతం. ఇది పళ్ళు కట్టేవాళ్ళ ఊరి మాట. వాళ్ళు ఇప్పుడెక్కడున్నారు!" అన్నారు. అయినా వెతికారు. నెలన్నర తరువాత ఇంకో నంబరు ఇచ్చారు. ఏదో కొండ ఊళ్ళో ఒక ముసలమ్మ. ఆవిడా క్యాంపులో పెరిగిన మనిషే, నాన్న కంటే ఏడెనిమిదేళ్ళు చిన్నది.

ఆవిడతోనూ హిందీలోనే మాట్లాడాను. నాన్న మాటల రికార్డు రెండుసార్లు వింది. 

"మన పేరు పిలిచారా అని అడుగుతున్నాడు," అంది. "క్యాంపులో పొద్దున్నే, ఆ రోజు వదిలేవాళ్ళ పేర్లు చదివేవాళ్ళు. వెనక ఉన్నవాళ్ళకు వినపడేది కాదు. అందరం ఒకళ్ళనొకళ్ళం ఇదే అడిగేవాళ్ళం. నేనూ అడిగాను."

ఏమని జవాబు చెప్పాలని అడిగాను. పిలిచారు అనే మాట ఒకటి, ఇంకా లేదు అనే మాట ఒకటి నేర్పింది. నా ఉచ్చారణ సరిగ్గా వచ్చేదాకా పదిసార్లు చెప్పించింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో మా నాన్న భాషలో నేను నేర్చుకున్నవి ఆ రెండు మాటలే.

మర్నాడు ఆయన అడగ్గానే, పిలిచారు అని చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. ఆయన ముఖం ఒక్కసారిగా మారిపోయింది. ఎడమచేత్తో దుప్పటి లాగి మడవడం మొదలుపెట్టాడు. చెప్పుల కోసం మంచం కింద చూశాడు. నేను పట్టుకునేలోపే లేచి, గుమ్మం వైపు రెండడుగులు వేసి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది. పడి ఉండి కూడా నా చెయ్యి లాగుతూ గుమ్మం చూపిస్తున్నాడు.

ఆ తరువాత ఆయన ఎప్పుడడిగినా, ఇంకా లేదు అనే చెప్పాను. రోజుకు ఎన్నోసార్లు. చెప్పగానే సరే అన్నట్టు కళ్ళు మూసుకునేవాడు. ఇంకా మూడు నెలలు బతికాడు.

ఆఫీసు నుంచి జవాబు ఆయన బతికుండగానే వచ్చింది. భాషకు సంబంధించిన షరతు నెరవేరలేదు, కావలసిన అర్హతలతో మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చు అని. నేను ఆయనకు చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు.

నాన్న బాప్తిస్మం తీసుకోలేదు. అమ్మ అడిగినప్పుడల్లా, "ఇంకో రిజిస్టర్లో నా పేరెందుకే?" అనేవాడు. అందుకని అమ్మ పక్కన చోటివ్వడానికి చర్చి పెద్దలు ఆలోచించారు. మావయ్య వెళ్ళి వాళ్ళ ముందు కూర్చుని, ఒప్పుకునేదాకా లేవనన్నాడు. ఒప్పుకున్నారు. వానపడుతుంటే పూడ్చాం. మావయ్య తప్ప బంధువులెవరూ లేరు. ఎదురు దుకాణమాయన వచ్చి దూరంగా గొడుగు కింద నిలబడ్డాడు. 

రాయి చెక్కేవాడు పేరెలా రాయాలని అడిగాడు. పర్మిట్‌లో ఉన్నది అస్సాంలో ఎవరో పోలీసాయన తనకు వినపడినట్టు రాసుకున్న పేరు. పెళ్ళి రిజిస్టర్లోది పాస్టరుగారికి వినపడిన పేరు. అసలు పేరు వాళ్ళ అక్షరాల్లో ఎలా ఉంటుందో తెలుసుకుందామని ఆ ముసలమ్మకు ఫోన్ చేశాను.

"నాకు చదవడం రాయడం రాదమ్మా," అంది ఆవిడ. "నేను బడికి వెళ్ళే వయసులో అక్కడున్నాను కదా."

ఆవిడ ఆ పేరును రెండుసార్లు పలికి వినిపించింది. మేము పిలిచినట్టు లేదు. రాయివాడు ఎదురుచూస్తున్నాడు. మావయ్య, "మనం పిలిసిందే రాయించమ్మా," అన్నాడు. అలాగే తెలుగులో రాయించాను.